బోర్లాపడిన గంగాళం

“పిడకలు ఎండేదాక ఆగుమన్నది గదా సారూ, ఆ ముసల్ది!” అని పొద్దున సాలమ్మ నవ్వింది. కుట్లు విప్పించుకుని, కడుపు మీద అరచెయ్యి అదుముకుని, నవ్వితే ఎక్కడ పిగులుతుందోనని భయపడుతూనే నవ్వింది. ఇప్పుడు రైలు మానుకోట దాటి ఊగుకుంటూ కేసముద్రం వైపు పోతుంటే, ఆ నవ్వు టికెట్టు కొనకుండా ఇక్బాల్ డాక్టరు పక్కన కూర్చుని వస్తోంది. ఒళ్లో ఆమె ఇచ్చిన సీతాఫలాల సంచి. చొక్కా జేబులో, గుండెకు ఆనుకుని, వేలెడైనా లేని గాజు బుడ్డి. జనగామలో కమ్లీ అనే ఆడపిల్ల మెడ మీది గడ్డ తీయించుకుందామని పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఈయన కోసమే కాచుకుని ఉంది. ఈ మూడింటి బరువూ ఒకే పక్కన పడ్డట్టు ఆయన ఒరిగి కూర్చున్నాడు. ఎదుటి సీటు ముసలవ్వ అది కనిపెట్టి, “జర సక్కగ కూసో బిడ్డా, పండ్లు చితుకుతయ్” అంది. ఆయన సర్దుకున్నాడు. రైలు ఇంకోసారి ఊగింది. మళ్లీ ఒరిగాడు.

రోగులకు ఆయన పేరు తెలియదు. మత్తు డాక్టరు, అంతే. దండాలు కోసిన డాక్టరుకు, స్వీటు డబ్బాలు కోసిన డాక్టరుకు, ఫ్లెక్సీ మీద నల్ల కళ్లద్దాల ఫోటో కూడా కోసిన డాక్టరుదే. నిద్రపుచ్చి మళ్లీ ఈ లోకంలోకి లాక్కొచ్చినవాడు పెళ్లిపందిరి గుంజలాంటివాడు, దానికి ఎవరూ అక్షింతలు వెయ్యరు. జనగామలో ఒక దవాఖాన, మానుకోటలో రెండు, భూపాలపల్లిలో మూడు, అన్నిటికీ కలిపి ఈ ఒక్క గుంజే. ఫోను మోగితే సంచి భుజాన వేసుకుని బయలుదేరాలి, అన్నం ముద్ద నోటి దగ్గర ఉన్నా సరే. ముందు కారుండేది. పరకాల దగ్గర ఒక పొద్దున ఆ కారు రోడ్డుతో పని లేదనుకుని పొలంలోకి దిగి, నాట్లేసే ఆడవాళ్ల నడుమ బుద్ధిగా ఆగింది. “నారు మోసుకచ్చినవా ఏంది సారూ?” అని వాళ్లు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు. నిద్ర చాలక కునుకు పట్టిందని ఇంట్లో చెప్పాడు. భార్య ఫర్హానా నమ్మింది, లేదా నమ్మినట్టు కనబడడానికి కష్టపడింది. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కాలు ఎందుకేసుకుంటున్నావని ఆమె అడగడం మానేసింది కూడా ఆ రోజుల్లోనే. అడగకపోవడం అడగడం కంటే గట్టిగా వినిపిస్తుందని పెళ్లయిన మగవాళ్లందరికీ తెలుసు, ఇక్బాల్‌కు ఇంకొంచెం ఎక్కువ తెలుసు.

ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టగానే మనిషి పైన దీపం చూస్తాడు, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న వాళ్లను చూస్తాడు, కాళ్లు వణుకుతాయి. అప్పుడు ఇక్బాల్ అన్ని మందుల కంటే ముందు ఇచ్చేది ఒక కథ. అది వాళ్ల బారీ దాదా కథ. అబ్దుల్ బారీ అనే ఆ తాత నిజంగానే ఊరూరూ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, అంతవరకు అబద్ధం లేదు. ఆ తర్వాత నిజం లేదు. కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున ఒక దొర బిడ్డ పెళ్లికని గంగాళం చేయించాడట. ఎంతదంటే, ఈ అంచున వాలిన కాకి ఎగిరి ఆ అంచుకు చేరేసరికి దాని రెక్కలు నెరిసిపోయాయి. దాదా నిచ్చెన వేసుకుని, మూటెడు జొన్నరొట్టెలు కట్టుకుని లోపలికి దిగాడు. నవసాగరం చల్లి, తగరం కరిగించి, గుడ్డ మీద నిలబడి నడుము తిప్పుతూ రుద్దుకుంటూ పోయాడు. అవతలి గోడ దగ్గర ఇంకో కళాయివాడు పని చేస్తున్నాడు, ఈయన ఇక్కడ సలాం అంటే ఆయన వాలేకుం ఇటు చేరేసరికి రంజాను నెల వచ్చి పోయింది. ఇంతలో గోదావరి పొంగింది. అవతలివాడు నిచ్చెనెక్కి పారిపోయాడు, దాదాకు ఆ వార్త అందేసరికి ఆలస్యమైంది. గంగాళం తేలిపోయి తేలిపోయి, నడి ఏటి ఇసుక దిబ్బ మీద బోర్లా పడింది. లోపల దాదా. చీకటి.

కాకికీ రంజానుకూ నడుమ ఎక్కడో రోగి కనురెప్పలు వాలిపోతాయి. గంగాళం బోర్లాపడేదాకా వచ్చినవాళ్లు తక్కువ, వాళ్లు కల్లు మండువలో పండిపోయిన గట్టి ప్రాణాలు. మర్నాడు వార్డులో అందరూ అదే అడుగుతారు, దాదా ఎట్ల బయటపడ్డడు సారూ అని. “ఇంకో ఆపరేషన్‌కు రా, చెప్త” అంటాడు ఇక్బాల్. వార్డంతా నవ్వుతుంది. మూడు ఊళ్లలోనూ అదొక ఆనవాయితీ అయిపోయింది. కథ చివర విన్న రోగి లేడు. ఉండకూడదు కూడా. అది నిద్రపుచ్చేవాడి కథ, చివరిదాకా విన్నారంటే వాడి పని చెడిందని లెక్క.

కథలో మిగతా సగం చిన్నదే. దాదా దగ్గర సుత్తి ఉంది. లోపలి నుంచి గోడ మీద కొట్టాడు. ఠంగ్, ఠంగ్. ఒడ్డున పోయేవాళ్లకు వినిపించింది, వినిపించకపోవడమేమిటి. కాళేశ్వరం గుడిగంట అనుకుని చెప్పులు విడిచి దండం పెట్టి పోయారు. ఎంత గట్టిగా కొడితే అంత భక్తిగా మొక్కారు. చివరికి బర్రెలు తోలుకొచ్చిన ఒక చెవిటి ముసలమ్మ, ఈ గుండ్రాయి బాగుందే అనుకుని దాని మీద పిడకలు కొట్టింది. థప్. లోపలి నుంచి ఠంగ్. ఆమెకు చెవులు వినబడవు కానీ అరచేతికి అదురు తెలిసింది. ఇంకోసారి కొట్టింది. థప్. ఠంగ్. “లోపల ఎవల్రా?” “నేనే అవ్వా, బారీని.” ఆ జవాబూ అరచేతికే వినిపించింది. “గట్లనా. ఆగు మరి, పిడకలు ఎండినంక లేపుత.”

ఈ సగం ఆయన ఆపరేషను గదిలో ఒక్కసారే చెప్పాడు. మానుకోటలో, సాలమ్మ పిత్తాశయంలో రాళ్లు తీసిన రోజు, ఆమె ఒళ్లు కోసి ఉండగా, థియేటరు నర్సు కహ్కషాన్‌కు చెప్పాడు. ఆ అమ్మాయే సాలమ్మకు చెప్పి ఉంటుంది, ఆడవాళ్లు వార్డులో ఏవో మాట్లాడుకుంటారు, అంతే, ఇంకేముంటుంది. పొద్దున ఆ ఆశ పట్టుకునే వరండా చివరిదాకా నడిచి అడిగాడు. కహ్కషాన్ పుండ్లకు కట్టే గాజుగుడ్డలు మడుస్తోంది. “నేనెందుకు చెప్త సార్” అంది తల ఎత్తకుండా. “నాకే ఆ దినం తెల్సె, అడగకున్నా మీరే చెప్తిరి. చెప్తాంటె మానిటర్ మొత్తుకున్నది. సార్, నాడి ఉరుకుతాంది, జర చూడుండ్రి అన్న. మీరేమన్నరో యాదికున్నదా?” లేదు. “గుడిగంట మోగుతాంది, దండం పెట్టుకో అన్నరు.” మడత వేసిన గుడ్డను మళ్లీ విప్పి మళ్లీ మడిచింది. “నేను నవ్విన సార్. తప్పు నాది గూడ.”

నీది కాదు అనాలి. నోరు పెగల్లేదు. నోరు ఎప్పుడు పెగలాలో దానికి తెలియదు, పెగలకూడని రోజున గంటసేపు పెగిలింది. ఆ రోజు థియేటరులోకి పోయే ముందు బాత్రూములో గడియ పెట్టుకుని సాలమ్మ నొప్పికని తెచ్చిన మందులో సగం తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. లోపల తేనె కాచి పోసినట్టయింది. ఎవరి మీదా కోపం లేదు, ఏ ఫోనూ మోగడం లేదు, వీపులో నొప్పి ఎవరిదో ఎరువు తెచ్చినది వాళ్లకే ఇచ్చేసినట్టుంది. స్టూలు మీద కూర్చుంటే స్టూలు మబ్బు మీద ఉంది. నిద్రమందు ఆవిరై పోయే డబ్బా ఎప్పుడు అడుగంటిందో చూడలేదు. చూడడమే ఆయన పని, ఇంకే పనీ లేదు. ఒళ్లు కదలకుండా కట్టేసే మందు మాత్రం నిండుగా ఇచ్చాడు, అందులో లోటు చెయ్యలేదు. సాలమ్మ మేలుకుంది. వేలు కదపలేదు, రెప్ప ఎత్తలేదు, అరవలేదు. గోడ మీద కొట్టడానికి ఆమె దగ్గర మిగిలింది గుండె ఒక్కటే. అదే కొట్టింది. ఠంగ్ ఠంగ్ ఠంగ్. బయట కూర్చున్నవాడు దండం పెట్టుకో అన్నాడు.

నొప్పి తెలిసిందా అని పొద్దున అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది. “ఉండదా మరి సారూ? ఒళ్లు కోస్తె కోడికైన నొప్పే గద. మనిషి ఓర్సుకోవాలె. మీ మాట ఇనవడుతాంటె దాన్నే పట్టుకున్న, తోడు అదొక్కటే ఉండె.” బయ్యారం ఎర్రమన్ను ఇంకా మడమల పగుళ్లలోనే ఉన్న మనిషి, ఆపరేషనంటే అట్లాగే ఉంటుందని అనుకుంటోంది. మందిచ్చి కోస్తారన్న మాట ఆమె వినకపోలేదు, ఆ మందు ఇంతే కాబోలు అనుకుంది. “మా సాలమ్మ శాన గట్టిది సారూ” అన్నాడు పక్కన నిలబడ్డ మొగుడు ఓదెలు. “ఇంటికాడ నా మీదికి కొట్లాటకు వచ్చినప్పుడే తెల్సె.” ఆమె అతణ్ని మోచేత్తో పొడిచి, సీతాఫలాల సంచి సర్జను వైపు పోనియ్యకుండా ఈయన చేతిలో పెట్టింది. మత్తు డాక్టరుకు ఒక రోగి ఏదైనా ఇవ్వడం ఆయనకు తెలిసి అదే మొదలు. ఇచ్చి, గొంతు తగ్గించి, “దీపం తీసేస్తె మాత్రం భయమైతాంది సారూ, ఊపిరి బిగవడుతాంది. అది పోతది గదా?” అంది. పోతది అన్నాడు. అని బస్టాండుకు కాదు, స్టేషనుకు కాదు, ముందు మందుల గదికి పోయి జేబు నింపుకున్నాడు. మనిషి కాళ్లకు సిగ్గుండదు, ఎటు అలవాటైతే అటే పోతాయి.

కేసముద్రం. బండి ఆగింది. పత్తి లోడు లారీలు గేటు అవతల నిలబడ్డాయి, గాలికి పింజలు లేచి కిటికీ ఊచలకు అతుక్కుంటున్నాయి. ఆవులింత వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. కళ్లు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, చేతుల మీద రోమాలు లేచాయి. ఎవరైనా చూస్తే జలుబు అనుకుంటారు. చాలా రోజులుగా ఆయన జలుబు మనిషే. “పడిశమా బిడ్డా? మిరియాల కషాయం తాగు” అంది ముసలవ్వ. తాగుతా అవ్వా అన్నాడు. ఆయన తాగనిది అదొక్కటే. మొదలైంది కూడా ఇంత చిన్నగానే, కషాయమంత చిన్నగా. కరోనా రోజుల్లో భూపాలపల్లిలో, గొట్టాలు వేసి వేసి, ఆ గొట్టాలు తీసి బట్ట కప్పి కప్పి, ఇంటికి పోతే అంటుతుందని దవాఖాన మీది గదిలోనే పడుకుని, పడుకున్నా నిద్ర రాక. ఊరందరినీ నిద్రపుచ్చేవాడికి కునుకు లేదు. ఒక కాన్పు ఆపరేషను తర్వాత సిరంజిలో అడుగున కొంచెం మందు మిగిలింది. మిగిలింది సింకులో పారబొయ్యాలి, ఇంకొకరు చూస్తుండగా. అక్కడ ఇంకొకరు ఎవరున్నారు? సింకుకు పోసేది నాకు పోసుకుంటే సింకు ఏమన్నా అడుగుతుందా? అడగలేదు. ఆ రోజు నిద్రపోయాడు, చిన్నప్పుడు దాదా కథ మధ్యలో నిద్రపోయినట్టు.

జశ్వంత్ కూడా మిగిలినదానితోనే మొదలుపెట్టాడు. చదువుకునేటప్పుడు జశ్వంత్, మహిపాల్, ఇక్బాల్ ఒకే గది, ఒకే స్టవ్వు, మాడిన ఉప్మా ఒకే గిన్నె. మహిపాల్ కోసే డాక్టరయ్యాడు, మిగతా ఇద్దరూ మత్తు డాక్టర్లయ్యారు. కరోనా తగ్గిన ఏడాది డ్యూటీ గదిలో జశ్వంత్ ప్రాణం పోయి దొరికినప్పుడు పాదానికి సూది ఇంకా ఉంది. పాదానికి ఎందుకంటే చేతులు అందరూ చూస్తారు. గుండెపోటు అన్నారు పెద్ద డాక్టర్లు. సూది తీసి, సాక్సు తొడిగి, వాళ్ల నాయినకు గుండెపోటు అని చెప్పింది ఇక్బాలే. “మావోడు సిగరెట్ సుత తాగడు గద సార్” అన్నాడా ముసలాయన, ఎవరినో బతిమాలినట్టు. బయటికి వచ్చాక మహిపాల్ భుజం పట్టుకుని ఊపి, అరేయ్, నీకేమన్నా అయితే నాకు చెప్పు రా, గంటకొట్టు రా అన్నాడు. చెప్తా అన్నాడు ఇక్బాల్. అప్పుడు కూడా జేబులో ఒకటుంది.

బండి కదిలింది. నెక్కొండ పోయింది, వరంగల్లు వచ్చి జనాన్ని మింగి పోయింది, కాజీపేటలో చాయ్ చాయ్ అని అరుపులు. చేతులు చూసుకున్నాడు. వేళ్లు వాటంతటవే ఏదో మద్దెల వాయిస్తున్నాయి. ఈ చేతులతో కమ్లీ గొంతులో గొట్టం వేస్తావా? మెడ మీద గడ్డ, దారి ఇరుకు, వేలు జారితే పిల్ల పోతుంది. కాబట్టి, అని లోపలి వకీలు గొంతు సవరించుకున్నాడు, చాలా తియ్యని గొంతు వాడిది. కాబట్టి ఆ పిల్ల కోసమే, నీ కోసం కాదు, కొంచెం, సగం కూడా కాదు, చేతులు నిలబడేంత. మందు తీసుకుంటేనే నువ్వు డాక్టరువు. తీసుకోకుంటే రోగివి. రోగి రోగికి మత్తు ఇస్తాడా? చెప్పు. వకీలు మాటకు తిరుగులేదు, ఎప్పుడూ లేదు. సాలమ్మ రోజున కూడా ఇదే వకీలు, ఇదే కోటు. ఇక్బాల్ లేచాడు. “పండ్లు జర చూడు అవ్వా” అన్నాడు. “పో, నేనున్న” అంది ముసలవ్వ, సంచిని అప్పుడే తన ఒళ్లోకి లాక్కుంటూ.

రైలు బాత్రూములో గడియ పెట్టుకుని వీపు తలుపుకు ఆనించాడు. కింద రంధ్రంలో పట్టాలు, కంకర, పట్టాలు, కంకర. నాలుగు పక్కలా రేకు గోడలు, ఎవరో తోమి వదిలేసిన కొత్త స్టీలు, ఎటు చూసినా తన ముఖమే వంకరగా, సాగి, చప్పిడిగా. తగరం పూసిన గోడలు ఇట్లాగే మెరుస్తాయని దాదా చెప్పేవాడు, నీ ముఖం నీకు కనబడకపోతే కళాయి కుదరలేదని లెక్క బేటా అనేవాడు. బుడ్డి తీశాడు. మెడ దగ్గర బొటనవేలు పెట్టి నొక్కితే టక్కున విరుగుతుంది, ఆ చప్పుడు వింటేనే సగం నొప్పి పోతుంది. సాలమ్మ దీపం ఆర్పదు. ఇవాళ కూడా ఆర్పదు. మీ మాట పట్టుకున్న సారూ. ఏ మాట? కాకి రెక్కలు నెరిసిన మాటా? కమ్లీకి కూడా అదే కథ మొదలుపెట్టాలి ఇంకాసేపట్లో, ఒక దొర గంగాళం చేయించాడు అని, ఆ పిల్ల కూడా పైన దీపం చూస్తూ నవ్వుతుంది, ఆ పిల్ల కూడా ఎక్కడో నడుమ మేలుకుంటే. బొటనవేలు బిగిసింది.

థప్. వీపు మీద. తలుపు అదిరింది. థప్ థప్. “లోపల ఎవలు? జల్ది రాండ్రి, ఆగుతలేదు!”

ఆ అదురు తలుపులోంచి వెన్నులోకి, వెన్నులోంచి పళ్లలోకి వచ్చింది. నవ్వొచ్చింది ఇక్బాల్‌కు, ఏడుపు దారిలో వచ్చిన నవ్వు. పిడికిలితో తలుపు మీద తిరిగి కొట్టాడు. “నేనే అవ్వా. ఇక్బాల్‌ను.”

“ఇక్బాలైతేంది ఇంకెవలైతేంది, ముందుగాల బయటికి రా!”

బుడ్డి విరగలేదు. విసిరేయడానికి చెయ్యి కిందికి పోయి, రంధ్రం దాకా పోయి, జేబులోకే తిరిగొచ్చింది. ఆ చెయ్యితో ఇప్పుడు పోట్లాట పెట్టుకోలేడు. గడియ తీశాడు. ముసలవ్వ సంచిని ఆయన చేతిలో కుక్కి, “ఇగో నీ పండ్లు. ఒకటి మెత్తగైంది, కరాబైతదని తిన్న. గింజలు కిటికీలకెల్లి ఊసిన” అని లెక్క అప్పజెప్పి లోపలికి దూరింది. ఆయన వాకిలి దగ్గరే కూలబడి, జనగామ దవాఖానలో మహిపాల్‌కు ఫోను చేశాడు.

“ఎక్కడిదాక వచ్చినవ్ రా? థియేటర్ రెడీ ఉంది.”

“మహిపాల్, ఆ పిల్లకు చాయ్ పొయ్యి.”

“ఏ పిల్లకు?”

“కమ్లీకి. పాలు పోసిన చాయ్. బిస్కెట్లు గూడ పెట్టు.”

కడుపులో పాలు పడ్డ మనిషికి ఆ పూట మత్తు ఇవ్వరన్నది సర్జనుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇక్బాల్‌కు కావలసింది అదే. రైలు దిగేలోపు మనసు మారినా, వకీలు మళ్లీ కోటు వేసుకున్నా, ఆ చాయ్ వెనక్కి రాదు.

“పిచ్చి లేసిందా? ఏమైంది రా నీకు?”

“నేను లోపల ఉన్న రా.”

“ఎక్కడ లోపల? రైల్లనేనా?”

“రైల్ల గాదు. శాన రోజుల సంది ఉన్న. జశ్వంత్ లెక్క.”

చక్రాల మోత. ఘనపురం ఎప్పుడు పోయిందో తెలియలేదు. మహిపాల్ ఊపిరి ఫోనులో పెద్దగా వినిపిస్తోంది, పరుగెత్తి వచ్చినవాడిలాగా.

“జేబుల ఒకటున్నది” అన్నాడు ఇక్బాల్. “పారేస్త అంటె నమ్మకు, ఇప్పుడే చూసిన, చెయ్యి ఇనలే. స్టేషన్‌కు రా, నీ చేతుల పెడ్త. ఎక్కడ చేర్పిస్తవో చేర్పియ్యి. కని ముందుగాల మానుకోట పోవాలె. సాలమ్మ అని ఒకామె ఉన్నది, మెలకువ మీద కోసుడు తప్పని, ఆమెది ఓర్పు కాదు నాది నేరమని చెప్పాలె. నువ్వు పక్కన ఉండాలె. నేనొక్కన్నే పోతె కథ మార్చి చెప్త.”

మహిపాల్ తిట్టలేదు, ఓదార్చలేదు. ఫోను చెవి నుంచి తీసి, కాన్పుల వార్డు దాకా వినబడేలా అరిచాడు, కమ్లీకి చాయ్ పొయ్యిండ్రి అని. గిన్నె చప్పుడు, గ్లాసు చప్పుడు, ఆయమ్మ చెప్పుల చప్పుడు. తర్వాత దూరంగా, ఆకలితో గొంతెండిపోయిన ఆడపిల్ల మాట, ఆశ్చర్యంగా, తెరిపిగా:

“ఆపరేషన్ అయిపోయిందా అక్కా? నాకు జరంత గూడ నొప్పి తెల్వలే!”